గోరింటాకు గరువు

"ఆకే గదా," అన్నాడు సత్తిబాబు ఆటో అద్దం తుడుస్తూ. "కూసింత రుబ్బి డబ్బాలో పెట్టియ్యి. ఎల్తా ఎల్తా అక్క ఇంటికాడ ఇచ్చేస్తాను."

నూకరత్నం క్యారేజీ తెచ్చి ఆటో సీటు మీద పెట్టింది. అప్పటికి గేదె పాలు తీసి కేంద్రంలో పోసి వచ్చింది. అత్తకి వేన్నీళ్ళు తోడింది. మొగుడికి క్యారేజీ కట్టింది. ఆకు రుబ్బాలంటే ముందు గరువుకి వెళ్ళి కోసుకురావాలి. ముల్లు గుచ్చుకోకుండా రెమ్మ పట్టుకుని ఆకు దూయాలి, పుల్లలు ఏరాలి, కడగాలి, చింతపండు వేసి రోట్లో మెత్తగా రుబ్బాలి. ఆ తర్వాత రోలు రెండుసార్లు తోమాలి, లేకపోతే మధ్యాహ్నం పచ్చడి గోరింటాకు వాసన కొడుతుంది. మిక్సీలో వేద్దామంటే గిన్నె పాడైపోతుందని అత్త ఒప్పుకోదు. ఇంత పనినీ ఆయన కూసింత అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. ఎప్పుడూ రుబ్బలేదు కాబట్టి ఆయనకది కూసింతే.

"పది మందికి సరిపోవాలన్నాది అక్క. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆడోళ్ళందరికీ మాటిచ్చేసిందంట."

"మాట నేనిచ్చేనా?"

"ఎవరిస్తే ఏటి? మనింటి ఆకు."

ఆషాఢం వచ్చి మూడో వారం. సత్తిబాబు చోడవరం నుంచి రావికమతానికి సర్వీసు ఆటో నడుపుతాడు. ఆటో ఎక్కిన ప్రతి ఆడమనిషికీ, మా గరువులో బోలెడు గోరింటాకుంది, రోడ్డు పక్కే, దిగి కోసుకోండమ్మా అని చెబుతాడు. సత్తిబాబు చెయ్యి పెద్దదని ఆ రోడ్డు పొడుగునా పేరు. ఆ పేరు వింటే రత్నానికి కోపం రాదు. కాస్త నవ్వొస్తుంది. చెయ్యి ఆయనది, ఆకు తనది.

గరువంటే ఊరికి పడమట ఉన్న ఎకరం మెట్ట. ఎర్ర గులక నేల. బావి లేదు, కాలువ లేదు. పల్లంలో చెరకు, వరి మామగారి కాలం నుంచీ మగవాళ్ళ చేతిలో ఉన్నాయి. గరువులో సగం జీడి తోపు, సగం ఖాళీ. ఆ ఖాళీలో నువ్వులు చల్లేవారు, ఉలవలు చల్లేవారు, వాన పడితే నాలుగు గింజలు, లేకపోతే లేదు. ఐదేళ్ళ కిందట ఉలవ కూడా మొలవలేదు. ఆ వేసవిలో పుల్లలు ఏరుకోడానికి వెళ్ళిన రత్నానికి అంత ఎండలోనూ పచ్చగా ఒక్కటే కనిపించింది, గట్టు మీది గోరింట కంచె. పశువులు రాకుండా ఎప్పుడో ఎవరో పాతారు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎరువు వేయలేదు, ఆషాఢంలో తప్ప దాని వంక చూసింది లేదు. ఆమె దాని ముందు చాలాసేపు నిలబడింది. అప్పుడామెకి తన గురించి ఏమీ తోచలేదు, పంట గురించే తోచింది. ఇంత ఎండలో ఉండగలిగేదాన్ని గట్టు మీద ఉంచి, ఉండలేని వాటిని చేలో చల్లుకుంటున్నాం ఏమిటి అనుకుంది. తొలకరికి కంచె కొమ్మలు నరికి, ఖాళీగా ఉన్న అరెకరంలో సాళ్ళు పెట్టి పాతింది. పాతినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. అవి చిగురించాక అందరూ అన్నారు.

"పేరంటానికి పంటేటే?" అన్నారు ఊళ్ళో.

"అది సరదా పడతంది, పడనీండి," అన్నాడు సత్తిబాబు. ఆయన వెనకేసుకొచ్చానని అనుకున్నాడు. ఐదేళ్ళుగా రత్నం గొప్పు తవ్వుతూ, కలుపు తీస్తూ, ఆ సరదా అన్న మాటని అప్పుడప్పుడు నాలుక మీద వేసుకుని చూస్తుంది. చెరకు పాతితే వ్యవసాయం, గోరింట పాతితే సరదా. పాతడానికి నడుం వంచడం ఒకటే, ఆ నొప్పీ ఒకటే.

తప్పులు చేయకపోలేదు. రెండో ఏడు ఆకుని చేతికి పెట్టుకోడానికి గిల్లినట్టే ఒక్కొక్కటే గిల్లింది. గోరింటాకు కోయడమంటే ఆమెకి తెలిసింది అదే. నాలుగు రోజులు గిల్లితే ఒక గోనె నిండలేదు. కిందటేడు కొమ్మలు కోసింది కానీ, వడ్లు ఎండబెట్టినట్టు తారురోడ్డు మీద ఎండబెట్టింది. ఎర్రటి ఎండలో రెండు రోజులు. ఆకు గోధుమరంగుకి తిరిగిపోయింది. అనకాపల్లిలో మందాకులు కొనే గౌరీశంకర్ గుప్పెడు తీసి నలిపి, "అమ్మా, ఇది చుట్టాకైపోయింది. నీడన ఎండాలి. ఎండినా పచ్చగా ఉండాలి. పూత రాకముందు కోసి, మూడు రోజులు వాన చుక్క పడకుండా చూసుకుని, అప్పుడు తీసుకురండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ గోనెలు ఆటోలో ఆమె కాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఊళ్ళోకి వచ్చాక సత్తిబాబు, "ఇంకొక్క కోత సూడు. అదీ తేలకపోతే గరువు బాలుకిచ్చెద్దాం," అన్నాడు.

బాలు నీలగిరి మొక్కలు వేయించే మనిషి. ఎకరం మొత్తం గుత్తకి తీసుకుంటాడు. ట్రాక్టరు తెచ్చి ఉన్నవన్నీ వేళ్ళతో లేపేసి తన మొక్కలు పెడతాడు. ఇంక ఆ నేల వైపు వెళ్ళే పని ఎవరికీ ఉండదు. సత్తిబాబుకి నచ్చింది అదే. రత్నానికి భయం వేసింది కూడా దానికే. గరువుకి వెళ్ళే పని లేకపోవడమంటే ఏమిటో ఆయనకి తెలియదు. పొద్దున్నే గిన్నెలు తోమి అక్కడికి నడిస్తే, రెండు గంటలసేపు ఒసే అని పిలిచేవాళ్ళుండరు. వాన వెలిశాక గులక నేల నుంచి వేడీ చల్లదనం కలిసి పైకి వస్తాయి. గోరింట చిగుళ్ళు ఎర్రగా ఉండి, ఎండ పడ్డ కొద్దీ పచ్చబడతాయి. ఆమె సాళ్ళ మధ్య కూర్చుని తెచ్చుకున్న చద్దన్నం తింటుంది. వేడిగా వడ్డించాల్సిన వాళ్ళెవరూ లేనప్పుడు అన్నానికి వేరే రుచి ఉంటుందని ఆమె అక్కడే కనిపెట్టింది. పెళ్ళై పంతొమ్మిదేళ్ళయింది. తనకంటూ తెలిసిన సుఖం అదొక్కటే అని చెప్పలేం కానీ, ఎవరినీ అడగకుండా దొరికింది అదొక్కటే.

ఈ ఏడు మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. ఇంకో పది రోజులైతే పూత వస్తుంది. కోద్దామంటే మనుషులు లేరు, ఊళ్ళో ఆడవాళ్ళంతా నాట్లలో ఉన్నారు. మొగుణ్ణి అడిగితే, "ఆటో ఒగ్గేసి ఆకు కొయ్యమంటావా?" అన్నాడు. పైగా ఆషాఢం. పొద్దున్నా సాయంత్రం ఎవరో ఒకరు గరువులో ఉంటున్నారు. అందరికీ చిగురే కావాలి. చిగురులోనే సత్తువంతా ఉంటుందని గౌరీశంకర్ చెప్పాడు. రోడ్డు పక్క ఆరు సాళ్ళు అప్పుడే బోడిగా నిలబడ్డాయి. రత్నం వద్దనలేదు. అనకూడదు.

ఆ ఇంట్లో అది అత్త సన్యాసమ్మ నియమం. పసుపూ కుంకం లాంటిదే గోరింటాకూనూ, ఆడది అడిగితే లేదనకూడదు, ఇచ్చినందుకు డబ్బు పుచ్చుకోకూడదు. గౌరీశంకర్‌కి అమ్మే సంగతి వచ్చినప్పుడు ముసలావిడ ఒక పూట ఆలోచించి, "ఎండిపోయేక అది గోరింటాకు కాదులే, మందాకు," అని సర్దుకుంది. పచ్చాకు మాత్రం అడిగిన వాళ్ళది.

రత్నం ఆ మాట కాదనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమెకి అది ఇష్టం కూడా. ఎవరైనా వచ్చి "వదినా, ఒక గుప్పెడు" అంటే లోపల ఏదో నిండినట్టుంటుంది. ఆ సంగతి ఈ ఆషాఢంలోనే ఆమె గమనించింది. అడిగించుకోవడంలో ఒక తీపి ఉంది. ఆ తీపికే పంతొమ్మిదేళ్ళూ పెళ్ళిళ్ళకి అప్పడాలొత్తింది, ఆడపడుచు పురుళ్ళు రెండూ పోసింది, ఎవరింట్లో చుట్టాలొస్తే వాళ్ళింట్లో గిన్నెలు తోమింది. రత్నం ఉందిగా అన్నారు. ఉంది. అయితే ఆ ఉన్నదాన్ని ఎవరు పాతారు, కలుపెవరు తీస్తున్నారు అని అడిగినవాళ్ళు లేరు. అడగలేదని ఏడుపు రాలేదామెకి. తనైనా ఎప్పుడూ చెప్పలేదు కదా అనిపించింది, అంతే.

శనివారం మధ్యాహ్నం సత్తిబాబు రావికమతం స్టాండు నుంచి ఫోన్ చేశాడు.

"రేపు అక్కొస్తంది. వాళ్ళ అపార్ట్‌మెంటోళ్ళు ఆరుగురు. ఆకు ఆళ్ళే కోసుకుంటారంట, ఫొటోలు తీసుకుంటారంట. ఊళ్ళో నాట్లయిపోయేయి గదా, ఇక్కడోళ్ళూ రేపే వస్తామన్నారు. నువ్వు అన్నాల సంగతి సూడు. కోడి కొయ్యాలా వద్దా?"

"ఎంతమంది మొత్తం?"

"ఇరవై అనుకో. ఆకుకేటి లోటు, అందరికీ సరిపోద్ది."

ఫోన్ పెట్టేసి రత్నం అరుగు మీద కూర్చుంది. ఇరవై మంది చిగురు గిల్లితే గరువులో మిగిలేవి పుల్లలు. సోమవారం కోయడానికి మనిషి దొరికినా కోసేందుకేమీ ఉండదు. ఇరవై మంది, అనుకుంది మళ్ళీ. ఇరవై మంది ఆడవాళ్ళు ఒక్కరోజు. ఆ మాటే రెండోసారి అనుకునేసరికి వేరేగా వినిపించింది. లేచి అత్త దగ్గరికి వెళ్ళింది. సన్యాసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"అత్తా, గోరింటాకు అమ్మకూడదు గదా?"

"అమ్మకూడదు."

"లేదనకూడదు."

"అనకూడదు. ఏటే, పరీక్ష పెడతన్నావు?"

"బదులు అడగొచ్చా?"

ముసలావిడ చెయ్యి ఆగింది. బదులంటే ఊళ్ళో అందరికీ తెలుసు. కూలి లేకుండా నీ చేలో నేను ఒక రోజు, నా చేలో నువ్వు ఒక రోజు. నాట్లకీ కోతలకీ అలాగే తెములుతుంది. కానీ గోరింటాకుకి బదులు ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

"మా అత్తెప్పుడూ అడగలేదు," అంది సన్యాసమ్మ నిదానంగా. "అడగొద్దని మాత్రం సెప్పలేదు." మళ్ళీ చేట ఊపి, రాయి ఒకటి ఏరి పారేసి, "మనింట్లో కొడవళ్ళు మూడే ఉన్నాయి. పక్కింటి పరదేశి కాడా, ఆ సుట్టుపక్కల ఇళ్ళల్లోనూ ఇంకో డజనుంటాయి, నేనెల్లి అడుగుతానులే. నువ్వడిగితే ఎందుకూ ఏటీ అంటారు," అంది.

ఆదివారం పొద్దు పొడిచి కాస్త పైకి వచ్చేసరికి ఊరి ఆడవాళ్ళు వచ్చారు. రత్నం జీడి చెట్ల కింద బరకాలు పరిచి ఉంచింది. పక్కన కొడవళ్ళ పోగు.

"కోసుకోండి. ఎవరికి ఎంత కావాలంటే అంత," అంది. ఒక కొడవలి తీసి చూపించింది. "ఐతే చిగురు గిల్లొద్దు. మొదలు దగ్గర జానెడొదిలి కొమ్మ కొయ్యండి. మీక్కావలసినంత ఆకు దాన్నుంచి తీసుకోండి, మిగిలిన కొమ్మ తెచ్చి ఈ నీడలో పడెయ్యండి. తలా ఒక సాలు. బదులనుకోండి."

చిన్నారి నడుం మీద చేతులు వేసుకుంది. ఆవిడ నోరంటే ఊరందరికీ భయం.

"ఓలమ్మో! గోరింటాకుకి బదులా? మా బామ్మ కాలం నుంచీ ఇనలేదు."

"మీ నాటుకి మొన్న రెండు రోజులొచ్చేను గదా చిన్నమ్మా. నువ్వు నాకింకా రాలేదు."

"అద్గదీ!" అని పక్కనున్న రోజా పకపకా నవ్వింది. "సిన్నారత్తా, దొరికిపోయేవు."

"నవ్వకే గుంటా, నువ్వేటి తీర్చేసేవేటి?" అని చిన్నారి గొణుగుతూనే వంగి కొడవళ్ళలో పదునైనది ఏరుకుంది. "ముళ్ళున్నాయే బాబూ. జానెడంటే నీ జానెడా, నా జానెడా?"

ఆ మాటతో అందరూ వంగారు. నాటు నాటిన చేతులకి కోత ఎంతసేపు? సాళ్ళ వెంట కబుర్లు సాగాయి. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదు, ఎవరి మొగుడు ఏం తాగొచ్చాడు. నరికిన గోరింట పచ్చి వాసన గరువంతా లేచింది.

తొమ్మిదింటికి ఆటో వచ్చింది. సత్తిబాబు అక్క కనకమహాలక్ష్మి దిగింది, వెనక చీరలు సర్దుకుంటూ ఆరుగురు. ఆమె మొగుడు చోడవరంలో హైస్కూలు మాస్టారు. పెళ్ళై వెళ్ళాక ఆమె ఈ గరువులో కాలు పెట్టడం ఇదే మొదటిసారి.

"ఇదేటి రత్నం, సెట్లు నరికేస్తన్నారేటి?"

"కోత వదినా. ఇదిగో, నీది." రత్నం కొడవలి పిడి ఆమె వైపు తిప్పి పట్టుకుంది.

"నాకా?"

"నువ్వు నాకంటే బేగి కోసేదానివంట. అత్త సెప్తాది."

కనకమహాలక్ష్మి వెనక్కి చూసింది. వచ్చిన వాళ్ళలో ఒకావిడ ఆశ్చర్యపోయి, "మీకు కోత వచ్చా మేడమ్? ఎప్పుడూ చెప్పలేదే!" అంది. ఆ మేడమ్ ముఖంలో సిగ్గు లాంటిదేదో వచ్చి, అక్కడే కాసేపు తిరిగి, పోయింది. ఆమె చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది. కొడవలి అంచు బొటనవేలితో చూసుకుంది. తర్వాత ఆమె కోసిన తీరు రత్నం పని ఆపి చూసింది. ఎడం చేత్తో గుత్తి పట్టడం, ఒక్క లాగు, పక్కకి పడెయ్యడం. మొదళ్ళన్నీ గీత గీసినట్టు ఒకే ఎత్తు. సాలు చివర నిలబడి చెమట తుడుచుకుంటూ, "పదిహేనేళ్ళప్పుడు సెరకులో నన్ను మించినోళ్ళు లేరే," అంది, రత్నంతోనే, మెల్లగా. "ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు." ఆ తర్వాత తన వాళ్ళని పిలిచి ఎలా పట్టుకోవాలో చూపించింది. వాళ్ళు కోసింది తక్కువ, నవ్వింది ఎక్కువ. అయినా కొమ్మలు మోశారు.

సత్తిబాబు గట్టు మీద నిలబడి ఇదంతా చూసి, భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నాలో?"

"వండలేదు."

"వచ్చినోళ్ళకి అన్నం లేదా?"

"పిలిచింది నువ్వు గదా. ఆటో ఉన్నాది, చోడవరం ఎంత దూరం?"

ఆయన ఆటో తీశాడు. గంటన్నరకి ఇరవై పులిహోర పొట్లాలతో వచ్చాడు. జీడి చెట్ల కింద కూర్చుని అందరూ తిన్నారు. సత్తిబాబు చెయ్యి పెద్దదని మళ్ళీ అన్నారు. ఈసారి రత్నం కూడా అనుకుంది. నిజంగానే పెట్టాడు కదా. రెండు దాటేసరికి అరెకరమూ ఖాళీ. ప్రతి కొంగులోనూ గోరింటాకుంది, ప్రతి బరకం మీదా కొమ్మల గుట్ట ఉంది. ఎవరికీ లేదనలేదు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు.

మూడు రోజులు ఆకాశం మబ్బు పట్టింది గానీ కురవలేదు. రత్నం పూటకోసారి కొమ్మలు తిరగేసింది. నాలుగో రోజు కర్రతో కొడితే ఆకు జలజలా రాలింది. పచ్చగా, గలగలలాడుతూ. గౌరీశంకర్ గుప్పెడు నలిపి, వాసన చూసి, "ఇదీ ఆకంటే," అన్నాడు. గోనెలు లోపలికి వేయించి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

గరువు ఖాళీ అయిందని విని ఆ మర్నాడే బాలు మోటార్ సైకిల్ మీద గరువుకి వచ్చాడు. కోసిన మొదళ్ళు చూసి ముఖం వికసించింది. "శుభ్రంగా చేయించేరే సత్తిబాబుగారూ! ఇంక ట్రాక్టరుకి గంట పని. సోమవారం పంపించమంటారా?"

సత్తిబాబు తల గోక్కున్నాడు. ఎవరికీ కాదని చెప్పిన అలవాటు ఆయనకీ లేదు. గట్టు చివర రత్నం కంచె నుంచి నరికిన లావుపాటి కొమ్మలు ఏరి, తడి గోనెలో చుడుతోంది. ఆయన ఆమె వంక చూశాడు. బాలు వంక చూశాడు. మళ్ళీ ఆమె వంక.

"ఏటంటావు?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో నేల గురించి ఆయన ఆమెని అడిగిన మొదటి మాట అది. అడిగానని ఆయనకి తెలిసినట్టు లేదు. ఆమెకి తెలిసింది. గోనె ముడి వేసి, చేతులు దులుపుకుంది. ముందుగా ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే ఇంకా మెత్తగా అనేదేమో.

"జీడి సెట్ల మధ్య కూడా కొమ్మలు పాతుతున్నాను. రేపట్నుంచీ. మద్దేన్నం నేను ఇంటికి రాను. అన్నం నువ్వూ అత్తా సూసుకోండి."

"ఎన్ని రోజులు?"

"రోజులేటి? గరువున్నన్నాళ్ళూ."

బాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, బండి స్టాండు తీశాడు. బండి రోడ్డెక్కేదాకా సత్తిబాబు అక్కడే నిలబడ్డాడు. కోప్పడతాడేమోనని రత్నం ఎదురుచూసింది. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"అమ్మా," అన్నాడు, "మనింట్లో బియ్యం ఎక్కడుంటాయి?"